పిలుపు ఒకటి, ఖజానాలు నాలుగు: బెల్మాంట్ తరహా పరిశోధన నిధులపై సమీక్ష

వాతావరణ మార్పు, వలసలు, విపత్తులు, ఆహారం–నీరు–విద్యుత్తు చిక్కుముడి లాంటి సమస్యలపై పలు దేశాలవాళ్లు కలిసి పని చేయడానికి డబ్బు ముఖ్యంగా రెండు పద్ధతుల్లో వస్తుంది. యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల కార్యక్రమమైన హొరైజన్ యూరప్‌లో ఖజానా ఒక్కటే. పలు దేశాల నిధుల సంస్థల కూటమి అయిన బెల్మాంట్ ఫోరమ్ పద్ధతిలో ప్రతిపాదనల కోసం పిలుపూ వాటి మదింపూ ఉమ్మడివే గానీ, ఏ దేశపు సంస్థ ఆ దేశపు బృందానికే డబ్బిస్తుంది. ఈ సమీక్ష ఆ రెండో పద్ధతి మీద. రెండింటితోనూ ఏళ్ల తరబడి పనిచేశాం కాబట్టి పోలిక తప్పదు.

2009లో ఏర్పడిన ఈ ఫోరమ్ తొలి ఉమ్మడి పిలుపులు 2012లో వచ్చాయి. మామూలుగా ఉండే షరతు ఇది: బృందం కనీసం మూడు దేశాల్లోని మూడు నిధుల సంస్థలను అడగగలగాలి. ప్రకృతి శాస్త్రాలవాళ్లు, సామాజిక శాస్త్రాలవాళ్లు, ఫలితాన్ని వాడుకునేవాళ్లు ముగ్గురూ ఉండాలి. ఇందులో నిజమైన లాభం ఒకటుంది. పేద దేశం నుంచి వచ్చిన బృందం సొంత డబ్బుతో వస్తుంది గనక సర్వేలు చేసిపెట్టే ఉపకాంట్రాక్టరుగా మిగిలిపోదు. ప్రశ్న ఏమిటన్నది తేల్చే దగ్గరే దాని మాటకు బరువుంటుంది. ఒకే ఖజానా ఉన్నచోట ఆ బరువంతా సమన్వయకర్త దగ్గరే పోగుపడుతుంది.

ఇక బడ్జెట్. మొత్తాన్ని సమానంగా పంచుకుందామనుకుంటే మొదటి వారమే గొడవ. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ మామూలుగా పూర్తి ఖర్చులో 80 శాతమే ఇస్తుంది, మిగతాది విశ్వవిద్యాలయం పెట్టుకోవాలి. అమెరికాలో అలాంటి సంస్థే అయిన ఎన్ఎస్ఎఫ్ సాధారణంగా ప్రొఫెసర్ల జీతం ఏడాదికి రెండు నెలలకు మించి భరించదు. జర్మనీ డీఎఫ్‌జీ పరోక్ష ఖర్చుల (భవనాలు, కరెంటు, ఆఫీసు పని లాంటివి) కోసం నేరుగా ఇచ్చే మొత్తంపై 22 శాతం అదనంగా కలుపుతుంది. హొరైజన్ యూరప్‌లో పరోక్ష ఖర్చులకు ఎవరికైనా 25 శాతమే. అందుకే డబ్బుతో కాకుండా మనిషి–నెలలతో మొదలుపెట్టాలి. అడ్డంగా దేశాలు, నిలువుగా పనులు రాసి ప్రతి గడిలో ఎంతమంది ఎన్ని నెలలో వేయండి. దాన్ని ఏ దేశం నిబంధనల ప్రకారం ఆ దేశపు డబ్బులోకి మార్చండి. ఒక దేశపు సంస్థ పెట్టిన పరిమితి దాటిందా, ఆ ఒక్క భాగం అనర్హమవుతుంది. దానితోపాటు మూడు దేశాల లెక్క తప్పి ప్రతిపాదన మొత్తమే పక్కకు పోవచ్చు. మా అనుభవంలో మదింపు దాకా కూడా వెళ్లకుండా ఆగిపోయేవి ఎక్కువగా ఇలాంటివే.

అసలు బాధ ప్రారంభ తేదీలతో. ఫలితాలు ఒకే రోజు ప్రకటిస్తారు, ఒప్పందాలు మాత్రం ఎవరి పద్ధతిలో వాళ్లు చేస్తారు. ఒక దేశంలో జనవరికే పరిశోధకుల్ని తీసుకుంటారు, ఇంకోచోట సెప్టెంబరుకు గానీ డబ్బు రాదు. ఇంటింటి సర్వే విత్తనాలు వేయకముందే జరగాలనుకుందాం. మనుషులపై పరిశోధనకు తీసుకోవాల్సిన నైతిక అనుమతి నెల ఆలస్యమైతే పోయేది నెల కాదు, ఏడాది పంట. కాబట్టి మొదటి ఏడాది ఏ దేశం పనీ మరో దేశం ఇచ్చే సమాచారంపై ఆధారపడకుండా ప్రణాళిక వేయండి. పాత సమాచారంతో, ప్రచురిత లెక్కలతో ఎవరికి వాళ్లు మొదలుపెట్టేలా చూడండి. ముందు వచ్చిన దేశం డబ్బు ముందే అయిపోతుంది కాబట్టి, ఖర్చు లేని పొడిగింపు (కొత్తగా డబ్బివ్వకుండా గడువు మాత్రమే పెంచడం) ఎవరెవరు ఇస్తారో దరఖాస్తు దశలోనే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

శాస్త్రాల మధ్య పొత్తు చెడేది సిద్ధాంతాల దగ్గర కాదు, కొలమానం దగ్గర. ఈఆర్ఏ5 అనే ప్రపంచవ్యాప్త వాతావరణ సమాచారం 0.25 డిగ్రీల గడుల్లో దొరుకుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో గడి వెడల్పు దాదాపు 28 కిలోమీటర్లు. అందులో ఎన్నో ఊళ్లు ఇమిడిపోతాయి. సామాజిక శాస్త్రవేత్తకు కావాల్సిందేమో ఈ ఇంటికి, పక్కింటికి ఉన్న తేడా. మూడో ఏడాది ఈ రెండూ అతకాలంటే అతకవు. జిల్లానా, నదీ పరీవాహకమా, ఊరా? ఏ కొలమానం దగ్గర రెండు రకాల సమాచారం కలుస్తుందో ప్రతిపాదనలోనే ఒక పేరాలో రాయాలి. మదింపు చేసేవాళ్లు ఆ పేరా కోసమే వెతుకుతారు. అది లేకపోతే ‘సామాజిక భాగం అతికించినట్టుంది’ అన్న వ్యాఖ్య ఖాయం.

విధాన నిర్ణయాలు చేసే భాగస్వామి నుంచి మద్దతు లేఖ తెచ్చుకోవడం తేలిక, మనిషిని తెచ్చుకోవడం కష్టం. లేఖపై సంతకం పెట్టిన అధికారి బదిలీ అయిపోతాడు. ఆ కార్యాలయంలో పనిచేసే ఒకరి సమయానికి బడ్జెట్‌లో డబ్బు పెట్టండి. వాళ్ల బడ్జెట్ ఏ నెలలో తయారవుతుందో కనుక్కుని, ఫలితాలు అంతకు రెండు నెలల ముందు అందేలా చూడండి. కొన్ని నిధుల సంస్థలు ప్రభుత్వ కార్యాలయాలకు డబ్బివ్వవు. అప్పుడు ప్రయాణాలు, సమావేశాల ఖర్చైనా రాయండి.

ఈ పద్ధతిలో పెద్ద లోపం సమన్వయం. నాలుగు దేశాల బృందమైతే నాలుగు ఖజానాల్లో ఏ ఒక్కటీ దాన్ని తన పని అనుకోదు. నాలుగు నివేదికలు, నాలుగు గడువులు, నాలుగు ఫారాలు. సగం సమయం ఇచ్చే మేనేజరు ఒకరైనా లేకపోతే ఆ చాకిరీ అంతా ప్రధాన పరిశోధకుడి నెత్తినే. ఆ జీతాన్ని ఒక దేశం బడ్జెట్‌లో ఏదో ఒక పేరుతో ఇరికించక తప్పదు. సమాచార యాజమాన్యం, రచయితల వరుస, ఎవరైనా తప్పుకుంటే ఏం చేయాలన్నవి డబ్బు రాకముందే భాగస్వామ్య ఒప్పందంలోకి రావాలి. హొరైజన్ ప్రాజెక్టుల కోసం తయారైన డెస్కా అనే ఒప్పంద నమూనాను మార్చి వాడుకోవచ్చు.

దేశాల రాజకీయాల ప్రమాదమూ ఉంది. 2021లో బ్రిటన్ విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కు తగ్గించినప్పుడు యూకేఆర్ఐకి 12 కోట్ల పౌండ్ల లోటు పడింది, నడుస్తున్న ప్రాజెక్టులకూ కోత తప్పలేదు. ఖజానాలు వేర్వేరుగా ఉంటే ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి. కాకపోతే ఆగిన దేశం పని ఎవరు పూర్తి చేస్తారో ముందే రాసుకుని ఉండాలి.

ఇదివరకు కలిసి పనిచేసిన బృందాలకైతే ఈ పద్ధతి నిస్సందేహంగా మంచిదే. ఇంకా ముఖపరిచయం దశలో ఉన్నవాళ్లు నేరుగా దీనిలోకి దిగొద్దు. యూరప్‌తో సంబంధాలుంటే ముందు కాస్ట్ యాక్షన్ (పరిశోధకుల మధ్య పరిచయాలు పెంచడానికి యూరప్ ఇచ్చే నిధి) లాంటిది చూడండి. అది పరిశోధన జీతాలివ్వదు. సమావేశాలకు, శిక్షణకు, స్వల్పకాల పర్యటనలకు నాలుగేళ్లపాటు డబ్బిస్తుంది. ఎవరితో వేగగలమో తేల్చుకోవడానికి ఆ నాలుగేళ్లు ధారాళంగా సరిపోతాయి.