అమెరికాలో ఎంఎస్: బ్యాంకు లోనా, ఎన్‌బీఎఫ్‌సీ లోనా, క్యాంపస్ జాబా?

"ఫీజు వరకు లోను తీద్దాం, మిగతాది వాడే అక్కడ ఏదో పని చేసుకుని చూసుకుంటాడు." పిల్లల్ని అమెరికా పంపే ఇళ్లలో ఈ మాట తప్పకుండా వస్తుంది. ఇందులో రెండో సగం ఎంతవరకు జరిగే పనో లెక్క వేశాకే ఇంటి కాగితాలు బయటికి తీయాలి. కాబట్టి ముందు పని సంగతి, తర్వాత అప్పు సంగతి చూద్దాం.

ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. డైనింగ్ హాల్, లైబ్రరీ, జిమ్ ఫ్రంట్ డెస్క్, గ్రేడర్ (పేపర్లు దిద్దడం) లాంటి పనులు దొరుకుతాయి. గంటకు ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సస్‌లో చట్టం అడిగేది అంతే. కాలిఫోర్నియాలో మాత్రం 2025లో అది 16.50. మధ్యస్థంగా 12 డాలర్లు అనుకుంటే వారానికి 240, నెలకు దాదాపు వెయ్యి డాలర్లు. మొదటి ఐదేళ్లు ఎఫ్-1 విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు కాబట్టి చాలావరకు చేతికొస్తుంది. చిన్న యూనివర్సిటీ ఊళ్లో నలుగురు కలిసి ఉంటే అద్దె, కిరాణా, ఫోను ఇందులో గడిచిపోతాయి. బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో అద్దెకే చాలకపోవచ్చు. సెమిస్టర్ ఫీజు మాత్రం ఈ డబ్బుతో ఎక్కడా తీరదు.

పైగా దిగిన వారంలోనే జాబ్ దొరుకుతుందన్న హామీ లేదు. ఒక్కో పోస్టుకు మన పిల్లలే బోలెడుమంది అప్లై చేస్తారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం చూపించే నిధుల్లోనూ, వీసా ఇంటర్వ్యూలోనూ "వెళ్లాక క్యాంపస్‌లో సంపాదిస్తాను" అన్నది లెక్కకు రాదు. కనీసం మొదటి ఏడాది ఖర్చు మొత్తం ముందే చూపించాలి. అంటే క్యాంపస్ జాబ్ ఉన్నా లోను అవసరం పోదు.

క్యాంపస్ బయట రెస్టారెంట్లలో, గ్యాస్ స్టేషన్లలో క్యాష్ మీద చేసే పనిని నేను అసలు పోలికలోకే తీసుకోను. దొరికితే వీసా స్టేటస్ పోతుంది, చదువు ఆగుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. సీనియర్లు చేశారని, ఏమీ కాలేదని ఎవరు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి.

అసిస్టెంట్‌షిప్ సంగతి పూర్తిగా వేరు. టీఏ (టీచింగ్), ఆర్ఏ (రీసెర్చ్), జీఏ (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్) ఏది వచ్చినా పని అదే 20 గంటలు, కానీ ట్యూషన్ పూర్తిగానో కొంతో మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఇది ఉంటే మిగతా దారులన్నీ వెనకే. చిక్కేమిటంటే ఇవి ముందు పీహెచ్‌డీ వాళ్లకు వెళ్తాయి. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరేవాళ్లకు ఎంతో కొంత అదృష్టం కావాలి. సొంత డిపార్ట్‌మెంట్‌లో దొరక్కపోతే గణితం, స్టాటిస్టిక్స్, లైబ్రరీ, ఐటీ విభాగాల్లో అడగాలి. టీఏకి ఇంగ్లీషు మాట్లాడే స్కోరు కూడా చూస్తారు. ఆఫర్ లెటర్ వస్తే మూడు సంగతులు గమనించండి: మాఫీ ఎంత శాతం, హెల్త్ ఇన్సూరెన్స్ అందులో ఉందా, ఎన్ని సెమిస్టర్లకు. ట్యూషన్ మాఫీ అయినా యూనివర్సిటీ వేసే ఇతర ఫీజులు మిగిలిపోవచ్చు. ఈ లెటర్‌ను ఐ-20 నిధుల్లో చూపించవచ్చు.

ఇక అప్పు. ప్రభుత్వ రంగ బ్యాంకులో 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ఇల్లు, ఫ్లాటు, అప్రూవ్డ్ లేఔట్‌లో ప్లాటు, ఎఫ్‌డీ పనికొస్తాయి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు. నాకు బాధ కలిగించేది ఇదే. పొలమున్న రైతు కుటుంబం బ్యాంకు గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఎక్కువ వడ్డీ ఉన్న చోటికి వెళ్లాల్సి వస్తోంది. రిజిస్టర్డ్ డాక్యుమెంట్ లేని గ్రామకంఠం ఇళ్లకూ ఇదే ఇబ్బంది. అన్నీ ఉన్నవాళ్లకు కూడా ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అంటూ వారాలు పడుతుంది. అడ్మిషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే, అప్లికేషన్లు పంపేటప్పుడే బ్యాంకుకు వెళ్లాలి.

ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయితే తాకట్టు లేకుండా త్వరగా శాంక్షన్ చేస్తుంది. తండ్రో తల్లో కో-అప్లికెంట్‌గా ఉండాలి. వాళ్ల ఆదాయం, సిబిల్ స్కోరు చూస్తారు. వడ్డీ ఎక్కువ, చాలాచోట్ల చదువుకునేటప్పుడే కొంత వడ్డీ కట్టమంటారు.

తేడా ఎంతో చూడండి. 40 లక్షలు ఒకేసారి తీసుకుని, రెండున్నరేళ్లు ఏమీ కట్టకుండా, తర్వాత పదేళ్లలో తీర్చాలనుకుందాం. ఆ రెండున్నరేళ్లకు సాధారణ వడ్డీయే వేసినా 10 శాతం దగ్గర అప్పు 50 లక్షలవుతుంది, ఈఎంఐ 66 వేలు. అదే 13 శాతమైతే 53 లక్షలు, ఈఎంఐ 79 వేలు. నెలకు 13 వేల తేడా పదేళ్లలో 15 లక్షలు దాటుతుంది. మన ఊళ్ల లెక్కలో 12 శాతమంటే రూపాయి వడ్డీ, 13 అంటే అదీ దాటినట్టే. అందుకే తాకట్టుకు పనికొచ్చే ఆస్తి ఉన్నవాళ్లు కాగితాల తిప్పలు ఎన్నున్నా బ్యాంకు దగ్గరికే వెళ్లాలని నా అభిప్రాయం. అయితే ఇంట్లో ఉన్నది ఒక్క ఇల్లే అయితే, తాకట్టు పెట్టేముందు ఇంకో ప్రశ్న ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ప్రాడిజీ, ఎంపవర్ లాంటి సంస్థలు తాకట్టూ కో-అప్లికెంటూ లేకుండా డాలర్లలో అప్పిస్తాయి. అమెరికాలో జీతం వస్తున్నంతవరకు ఫరవాలేదు. తిరిగొచ్చి రూపాయల్లో సంపాదిస్తూ డాలర్లు కట్టాలంటే చాలా కష్టం. 2014లో 60 చుట్టూ ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, ఎనిమిదేళ్ల వరకు వడ్డీ మీద మినహాయింపు ఉంటుంది కదా, అది కూడా ఈ అప్పులకు రాదు. ఇంకే దారీ లేనప్పుడు మాత్రమే, అదీ తక్కువ మొత్తంలో.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న పథకం 20 లక్షల వరకు ఇస్తాయి. అర్హత ఉంటే తప్పక అప్లై చేయండి, కానీ మొదటి సెమిస్టర్ ఫీజును దాని మీద పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ ప్రశ్న. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు చదివితే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్లు. ఆ తర్వాత హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ తగలొచ్చు, తగలకపోవచ్చు. ఈఎంఐ మాత్రం పదేళ్లు. హైదరాబాదులోనో బెంగళూరులోనో వచ్చే జీతంతో, ఇంటివాళ్ల సాయం కలిపి ఆ 66 వేలు కట్టగలరా? కట్టలేమనిపిస్తే ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టొద్దు. లోను తగ్గేలా తక్కువ ఫీజున్న స్టేట్ యూనివర్సిటీ చూడండి.

క్యాంపస్ జాబ్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. శాంక్షన్ 40 లక్షలకు తీసుకున్నా సెమిస్టర్‌కు కావలసినంతే విడుదల చేయించుకోవాలి, తీసుకున్న దానికే వడ్డీ పడుతుంది. తొమ్మిది నెలలు నెలకు వెయ్యి డాలర్ల చొప్పున సంపాదిస్తే ఏడాదికి 9 వేల డాలర్లు, అంటే 8 లక్షల రూపాయలు లోనులోంచి తీయక్కర్లేదు. కానీ 20 గంటలూ నింపాలని పట్టుబట్టకండి. ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేసే ఫాల్ (ఆగస్టు-డిసెంబరు) సెమిస్టర్‌లో 10 గంటలు చాలు. అనుమతి తీసుకుని బయట కంపెనీలో చేసే ఒక మంచి సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో వచ్చేది ఏడాది క్యాంపస్ జీతాన్ని దాటిపోవచ్చు, పైగా ఉద్యోగానికి దారి. సంపాదన మొదలయ్యాక ముందుగా తీర్చేయండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ లోను మీద దానికి పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది.

తాకట్టు పెట్టే ఆస్తి లేక, ఎన్‌బీఎఫ్‌సీ ఈఎంఐ భరించే ధైర్యమూ లేకపోతే గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయడం ఓటమి కాదు. మంచి ర్యాంకుతో ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయలు వస్తాయి, దానికి బదులు వారానికి 8 గంటలు డిపార్ట్‌మెంట్ పని చేయాలి. అది పూర్తయ్యాక రీసెర్చ్ మీద ఇష్టం ఉంటే, అమెరికాలో పీహెచ్‌డీకి ఫీజు మాఫీతో, స్టైపెండ్‌తో వెళ్లే దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.