ఏడంకాల కన్యాశుల్కం ఒకే సాయంత్రం: విజయనగరంలో చూసిన నాటకం గురించి

విజయనగరంలో గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం చూడటం పెద్ద విశేషమేమీ కాదు. గురజాడ జయంతికో వర్ధంతికో ఎవరో ఒకరు ఏదో ఒక సీను వేస్తూనే ఉంటారు. గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం చుట్ట మీద మాట్లాడుకునే సీను, వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కునే సీను, చివర్లో కథ అడ్డం తిరిగే మాట. గంటన్నర, మహా అయితే రెండున్నర గంటల్లో ముగిసిపోతుంది. 1909లో వచ్చిన రెండో కూర్పుని ఏడంకాలూ ఆడటం మాత్రం చాలా అరుదు. ఒక్క సీనూ వదలకుండా ఆడితే రాత్రంతా కూర్చోవాల్సిందే. అంతమంది నటుల్ని కూడగట్టడం, అన్నాళ్లు రిహార్సల్ చేయించడం ఇప్పుడెవరి వల్లా కావట్లేదు.

పోయిన శనివారం మా ఊళ్లో ఒక నాటక సమాజం వాళ్లు ఆ పనికి పూనుకున్నారు. కొన్ని సీన్లు తీసేశారు గానీ అంకం ఒక్కటీ వదల్లేదు. సాయంత్రం అయిదింటికి తెర లేస్తే, పడేసరికి పన్నెండు దాటింది. మధ్యలో రెండు విరామాలు ఇచ్చారు. టికెట్ 200 రూపాయలు. నా వరకు ఇది ఈ మధ్యకాలంలో మా ఊళ్లో జరిగిన అతి మంచి నాటక ప్రదర్శన. లోపాలున్నాయి, అవి కూడా చెప్తాను.

నేను కోర్టులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. నాటకాల మీద ఇష్టం మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయనది పద్యనాటకాల తరం. ‘వన్స్ మోర్’ అంటే అదే పద్యం మళ్లీ అందుకునే నటులంటే ప్రాణం పెట్టేవారు. కానీ కన్యాశుల్కం దగ్గరికొచ్చేసరికి జె.వి. రమణమూర్తి గిరీశంగా, వాళ్ల అన్నగారు సోమయాజులు రామప్పపంతులుగా వేసిన నాటకం గురించే చెప్పేవారు. వాళ్లు ఆడింది కుదించిన కూర్పే. మా తరం మనసులో ఉన్న కన్యాశుల్కం ఆ కుదింపులూ, ఎన్టీ రామారావు గిరీశంగా వేసిన 1955 నాటి సినిమా కలిసి ఏర్పడిందే. అందుకే దాన్ని అందరం గిరీశం కథ అనుకుంటాం. ఆ రాత్రి చూశాక నాకు అలా అనిపించడం లేదు.

తెర లేవడానికి ముందు లైట్లన్నీ ఆర్పేశారు. చీకట్లో ఒక ఆడగొంతు ఏ రాగమూ తీయకుండా ఒక జాబితా చదివింది. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఉన్న లెక్క అది. ఈ నాటకాన్ని అంకితం అందుకున్న మహారాజా ఆనందగజపతి, అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో లెక్కకి అందినవే 1,034. అందులో పెళ్లికూతుళ్లు అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. అప్పట్లో మా విజయనగరం కూడా ఆ జిల్లాలోదే. అంటే అవి మా ఊళ్ల చుట్టుపక్కల జరిగిన పెళ్లిళ్లు. ఆ ముందుమాట నేను చదివాను. చదివినప్పుడు అంకెలుగా దాటిపోయినవి గొంతులోంచి ఒక్కొక్కటిగా వచ్చేసరికి ఒళ్లు జలదరించింది. దర్శకుడికి వచ్చిన ఈ ఒక్క ఆలోచన కోసమైనా ఆయనకి దండం పెట్టాలి.

ఆ లెక్క చెవిలో ఉండగానే గిరీశం మా ఊరి బొంకులదిబ్బ మీద నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఊరి పేటల పేర్లు వినగానే హాల్లో చప్పట్లు. ఈ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఈ ఊళ్లోనే. ఆ గర్వం మా జనానికి ఇంకా పోలేదు, పోకూడదు కూడా. గిరీశం వేసిన ఆయన మంచి నటుడు. సినిమాలో లాగా తల ఎగరేయకుండా, చాలీచాలని డబ్బుతో బతికే చదువుకున్న మనిషిలా వేశారు. వితంతువు మీద రాసిన ఇంగ్లీషు పద్యాన్ని వెంకటేశానికి వినిపించేటప్పుడు మాత్రం మరీ తొందరపడ్డారు. మాట మింగేశారు. అక్కడ నవ్వు రావాలి, నవ్విన తర్వాత కాస్త బాధ కూడా కలగాలి. రెండూ కలగలేదు.

రెండో అంకం నుంచి నాటకం గిరీశం చేతిలోంచి జారిపోయింది. అలాగే జారాలి. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని పద్ధెనిమిది వందలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానంటాడు. భార్య వెంకమ్మ వద్దని ఏడుస్తుంది. తాంబూలాలు ఇచ్చేశానని ఆయన అరిచే మాట మన ఇళ్లల్లో సరదా మాటగా మారిపోయింది. చాలా ప్రదర్శనల్లో ఆ మాటకి జనం పడీపడీ నవ్వుతారు. ఇక్కడ అవధాన్లు వేసిన నటుడు ఆ మాటని గొంతు పెంచకుండా అన్నాడు. వెంకమ్మ వేసినావిడ అక్కడే నిలబడి ఆయన్నే చూసింది. అదేం కొత్త మాట కాదన్నట్టు, రోజూ పడుతున్నదే అన్నట్టు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆమె నూతిలో దూకిందన్న వార్త వచ్చినప్పుడు అది మనకి ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది.

మొదటి విరామంలో మా అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, “నాన్నా, ఇందులో ప్రతివాడూ దేనికో ఒకదానికి ధర కడుతున్నాడు చూశారా” అంది. ఆ తర్వాత మిగతా నాటకమంతా నేను ఆ మాట పట్టుకునే చూశాను. పిల్లకి ధర. మధురవాణి కంటెకి ధర. పెళ్లి కుదిర్చిన రామప్పపంతులుకి వాటా. దయ్యాన్ని సీసాలో బంధించానని చెప్పే పూజారి గవరయ్యకి దక్షిణ. కేసు పెట్టాలంటే వకీలుకి ఫీజు. ఖూనీ కేసులో ఇరికించకుండా ఉండాలంటే పోలీసులకి మామూలు. రెండున్నర గంటల ప్రదర్శనల్లో ఇవన్నీ తీసేస్తారు. అప్పుడు మిగిలేది గిరీశం మాటకారితనం ఒక్కటే. అన్నీ ఉంటే అది ఒక జిల్లా మొత్తం సాగించిన బేరం కథ అవుతుంది.

కోర్టు సీన్ల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, అది నాకు తిండి పెట్టే చోటు కాబట్టి. డిప్యూటీ కలెక్టరు కచేరీ, ప్రైవేటు వకీలు నాయుడు, భీమారావు పంతులు, వాళ్ల మధ్య కక్షిదారుడు అగ్నిహోత్రావధాన్లు. పెద్దకూతురు బుచ్చమ్మని గిరీశం తీసుకుపోయాడన్న కోపంతో వచ్చిన ఆయన, అధికారి ముందు కూడా నోరు అదుపులో పెట్టుకోలేడు. ఈ భాగం నేను స్టేజీ మీద ఎప్పుడూ చూడలేదు. ఇప్పటికీ మా కోర్టు వరండాలో ఉదయం పదిన్నరకి వచ్చి నిలబడితే ఈ మనుషులందరూ కనిపిస్తారు. నా కేసు గెలుస్తుందా అని అడక్కుండా వాడికి శిక్ష పడుతుందా అని అడిగే తండ్రులు ఉన్నారు. కక్షిదారుడి చెయ్యి పట్టుకుని ఒక వకీలు దగ్గర్నుంచి ఇంకో వకీలు దగ్గరికి తీసుకెళ్లే మధ్యవర్తులు ఉన్నారు. వ్యాజ్యాల పిచ్చి ఉన్నవాడికి ఇంగ్లీషు వచ్చిన మనిషి దొరికితే ఎంత లోకువైపోతాడో గురజాడకి తెలుసు. గిరీశాన్ని అవధాన్లు ఇంట్లో ఉండనిచ్చింది ఎందుకో గుర్తు తెచ్చుకోండి. కోర్టు కాగితాలకి పనికొస్తాడనే కదా. రంగాలంకరణ చేసినవాళ్లు కాగితాల కట్టల్ని కూడా తాడుతో సరిగ్గా కట్టి పెట్టారు. ఇది చాలామంది గమనించి ఉండరు. నేను గమనించాను, సంతోషించాను.

మాయమైపోయిన పెళ్లికూతుర్ని లుబ్ధావధాన్లు చంపేశాడని పుకారు పుట్టి కేసయ్యే భాగం కూడా పూర్తిగా ఉంచారు. ఆ పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదని, కరటకశాస్త్రి శిష్యుడు మహేశం వేషమని మనకి తెలుసు. మేనకోడలు సుబ్బిని కాపాడటానికి ఆ నాటకమాడిన కరటకశాస్త్రి నిజం చెప్తే తనే ఇరుక్కుంటాడు. చెప్పకపోతే ముసలాయన ఉరికంబం ఎక్కుతాడేమో. లుబ్ధావధాన్లు వేసిన పెద్దాయన ఆ భయాన్ని వణుకు లేకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని చూపించారు. పెళ్లప్పుడు అసహ్యించుకున్న మనిషి మీద ఇక్కడ జాలేసింది.

లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి సీన్లు వేరేగా చెప్పుకోవాలి. వితంతువు. రామప్పపంతులు ఆశలు పెట్టి, తీరా తండ్రి ఆమెని ఇంట్లోంచి గెంటేసేసరికి చేతులు దులుపుకుంటాడు. మీనాక్షి వేసిన అమ్మాయిది మా వైపు యాసే, అందులో ఎక్కడా నాటకీయత లేదు. పంతుల్ని నిలదీసేటప్పుడు ఆమె గొంతులో కోపం కన్నా ముందు నమ్మలేకపోవడం వినిపించింది. మా వెనక వరసలో ఎవరో ముసలావిడ పైకే “పాపం తల్లీ” అంది.

ఇక మధురవాణి. మొదటి కూర్పులో ఆమె పాత్ర చిన్నది, రెండో కూర్పులో నాటకానికే ఆయువుపట్టు అయింది. ఆ తేడా ఎందుకో చివరి అంకం మొత్తం ఆడితేనే అర్థమవుతుంది. మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వచ్చి, ముసలాయన్ని విడిపించే నిజం తన దగ్గర ఉందంటుంది. బదులుగా ముద్దు అడుగుతుంది. వేశ్యల ముఖం చూడని నియమం ఆయనది. ఈ సీనుని చిలిపిగా వేస్తే చెడిపోతుంది. ఈ అమ్మాయి చాలా నిదానంగా, ఎదుటి మనిషిని తూకం వేస్తున్నట్టు వేసింది. ఆయన ఒప్పుకోక తప్పని స్థితికి వచ్చాక తనే వద్దంది. రాత్రంతా అందరూ ఇంకొకరికి ధర కట్టారు. తన ధర తనే చెప్పి, దాన్ని తనే వదులుకున్నది ఈమె ఒక్కతే. సౌజన్యారావు వేసినాయన మాత్రం ప్రవచనం చెప్తున్నట్టు మాట్లాడారు. ఆ పాత్ర నిజంగా తడబడాలి. తడబడకపోతే ఆమె గెలుపు తగ్గిపోతుంది.

లోపాలు. పై నుంచి వేలాడదీసిన మైకులు స్టేజీ మధ్యలో నిలబడినవాళ్ల మాటే పట్టాయి. పక్కకి జరిగితే పదో వరసకి వినపడదు. పేకాట సీనులో నలుగురూ కింద కూర్చున్నారు, సగం మాటలు పోయాయి. రెండో విరామం పదిహేను నిమిషాలన్నారు, అరగంట దాటింది. ఆ టైముకి బయట ఒక్క టీ బండే మిగిలింది, ఆయనకీ పాలు అయిపోయాయి. “ఏటి బాబూ, ఇంకా అవలేదా మీ నాటకం” అని అడుగుతూనే బ్లాక్ టీ పోసి ఇచ్చాడు. బొబ్బిలి, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చినవాళ్లు బస్సు కోసం మూడో భాగం వదిలేసి వెళ్లిపోవాల్సి వచ్చింది. అది నాకు చాలా బాధ కలిగించింది. మధురవాణి చివరి సీనుకి హాల్లో సగమే జనం ఉన్నారు. మళ్లీ ఆడితే రెండు సాయంత్రాలుగా విడగొట్టండి. లేదంటే మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టండి.

తీసేసిన వాటిలో బైరాగి, హెడ్డు కానిస్టేబులు కలిసి తాగే సీను ఉంది. దాన్ని తీసేయడం తప్పనే అంటాను. చట్టం చేతిలో ఉన్నవాడూ మోక్షం అమ్ముకునేవాడూ ఒకేచోట కూర్చుని తాగడం ఈ ధరల కథలో ముఖ్యమైన ముక్క. కావాలంటే సీన్ల మధ్య వయొలిన్ మీద వాయించిన సుదీర్ఘమైన ముక్కలు తగ్గించుకోవచ్చు. వాయించిన కుర్రాడు బాగానే వాయించాడు, అయినా నాటకానికి అంత అవసరం లేదు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని ఆఫీసులో అడిగారు. హైస్కూలు పిల్లలైతే తప్పకుండా తీసుకెళ్లండి, ముందురోజు కథ చెప్పి మరీ. మైకుల సంగతి చెప్పాను కదా, మొదటి అయిదు వరసల్లో కూర్చోండి. భోజనం కట్టుకుని వెళ్లండి. మళ్లీ శ్రీకాకుళంలో ఆడే ఆలోచన ఉందని సమాజం వాళ్లే స్టేజీ మీద ప్రకటించారు. తేదీ చెప్తే మా అమ్మాయీ నేనూ ఆ ఊరు కూడా వెళ్తాం.