వీక్స్‌విల్ హెరిటేజ్ సెంటర్, బ్రూక్లిన్: ఇళ్లే ప్రదర్శనగా నిలిచిన మ్యూజియం

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, పందొమ్మిదో శతాబ్దంలో స్వేచ్ఛగా బతికిన నల్లజాతివారు కట్టుకున్న వీక్స్‌విల్ అనే ఊరి గుర్తుగా నిలిచిన మ్యూజియం ఇది. మాన్‌హట్టన్‌లోని పెద్ద మ్యూజియాలను మనసులో పెట్టుకుని ఇక్కడికి వచ్చేవారికి మొదట కొంత నిరాశ కలగవచ్చు. అద్దాల బీరువాలతో నిండిన హాళ్ల కోసం రావలసిన చోటు కాదిది. ఆధునికమైన ఒక భవనం, పచ్చిక, దాని అంచున నేటి బెర్గెన్ స్ట్రీట్‌తో పొంతన లేకుండా ఏటవాలుగా నిలిచిన కొన్ని పాత చెక్క ఇళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ ఇళ్లను కట్టింది ఎప్పుడో కనుమరుగైన హంటర్‌ఫ్లై రోడ్డు వెంబడి; అందుకే వాటికి ఆ వంపు.

న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827లో రద్దయింది. అయితే నల్లజాతి పురుషుడు ఓటు వేయాలంటే 250 డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలని 1821 నాటి రాజ్యాంగం విధించిన షరతు అలాగే కొనసాగింది. 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి రేవు కార్మికుడు ఇక్కడ స్థలం కొన్నాడు; ఆయన పేరు మీద వెలసిన ఊరిలో కొన్నేళ్లకే ఐదు వందలకు పైగా జనం స్థిరపడి, సొంత బడి, చర్చీలు, పత్రిక, అనాథాశ్రమం ఏర్పరచుకున్నారు. పట్టా ఉన్నవాడి మాటకే విలువ అన్న సంగతి మన పల్లెల నుంచి వెళ్లినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1863లో మాన్‌హట్టన్‌లో నల్లవారిపై మూకలు దాడులు చేసినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలకు ఈ ఊరే ఆశ్రయమిచ్చింది.

ఇళ్ల లోపలి అలంకరణ వేర్వేరు కాలాల కుటుంబ జీవితాన్ని చూపుతుంది. బానిసత్వపు హింసను గాక, నిలదొక్కుకున్న సామాన్యుల వంటగదులను, పడకగదులను ప్రధానంగా చూపడమే ఈ మ్యూజియం ప్రత్యేకత అని నా అభిప్రాయం. గైడ్ వెంట ఉండి వివరిస్తేనే ఆ గదులకు అర్థం ఏర్పడుతుంది కనుక, టూర్ వేళలు ముందుగా తెలుసుకుని వెళ్లడం అవసరం. బయటి నుంచి చూసి వెనుదిరిగితే ప్రయాణం దాదాపు వృథాయే.

ఈ ఇళ్లు దక్కిన తీరు కూడా ఆసక్తికరమే. జనం మరచిపోయిన ఈ ఊరి ఆనవాళ్ల కోసం 1968లో జేమ్స్ హర్లీ అనే చరిత్రకారుడు, జోసెఫ్ హేన్స్ అనే పైలట్‌తో కలిసి విమానంలో తిరిగి వీటిని గుర్తించాడు. చుట్టుపక్కల బడిపిల్లలు తవ్వకాల్లో పాల్గొనడమే కాక, వీటిని కాపాడాలని నగర అధికారుల ఎదుట వాదించారు. 1970లో రక్షిత కట్టడాలుగా గుర్తింపు లభించింది. ఆ తరువాత దశాబ్దాల పాటు డైరెక్టరుగా జోన్ మేనార్డ్ ఈ సంస్థను నిలబెట్టింది.

పదేళ్లు దాటిన పిల్లలతో వెళ్లడం మంచిది. ఏ, సీ సబ్‌వే రైళ్లు ఆగే యూటికా అవెన్యూ స్టేషన్ నుంచి నడిచి చేరుకోవచ్చు.