బుడాపెస్ట్‌లో వాసరెలీ మ్యూజియం: డిజైన్ పని చేసేవాళ్లు ఒక పూట కేటాయించండి

బుడాపెస్ట్ వెళ్లినవాళ్లు ఎక్కువగా కోట, పార్లమెంటు, డాన్యూబ్‌లో పడవ, వేడినీళ్ల స్నానాలు చూసుకుని వచ్చేస్తారు. మీకు చిత్రకళ అంటే ఇష్టముంటే నగరంలోనే ఉన్న ఓబుద అనే పాత ప్రాంతం వైపు కూడా వెళ్లండి. బత్యానీ తేర్ స్టేషన్‌లో హెచ్ 5 లోకల్ రైలెక్కి సెంత్‌లేలెక్ తేర్ స్టేషన్‌లో దిగితే దగ్గరలోనే పాత జిచి భవనం, విక్టర్ వాసరెలీ అనే చిత్రకారుడి మ్యూజియం అందులోనే ఉంది. పుట్టిన దేశమైన హంగేరీకి ఆయన ఇచ్చిన సుమారు నాలుగు వందల బొమ్మలతో 1987లో తెరిచారు.

వాసరెలీ అనగానే ఉబ్బి బయటికి వస్తున్నట్టుండే గళ్లు, రంగు రంగుల గోళాలు గుర్తొస్తాయి, నేనూ వాటి కోసమే వెళ్లాను. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆయన తొలిరోజుల గ్రాఫిక్ పని. 1906లో హంగేరీలోని పేచ్ ఊళ్లో పుట్టి, రెండేళ్లు మెడిసిన్ చదివి మానేసి, బోర్ట్‌నిక్ అనే చిత్రకారుడు బుడాపెస్ట్‌లో నడిపిన చిన్న స్కూల్లో డిజైన్ నేర్చుకుని, 1930లో పారిస్ చేరి ఏళ్ల తరబడి యాడ్ ఏజెన్సీలకి బొమ్మలు వేసి బతికిన మనిషి ఇతను. ఆ పని చేస్తూనే కంటికి ఏది ఎలా కనిపిస్తుందో పరీక్షించుకుంటూ పోయాడు. 1937 నాటి జీబ్రాల బొమ్మే తీసుకోండి, అవుట్‌లైన్ అనేదే లేదు, చారలు వంగిన తీరులోనే మెడ, వీపు, పొట్ట అన్నీ తెలిసిపోతాయి. తర్వాత వచ్చిన ఆప్ ఆర్ట్ (గళ్లు, గీతలతో కంటిని భ్రమింపజేసే చిత్రకళ) మొత్తానికి విత్తనం అక్కడే ఉందని నాకు గట్టిగా అనిపించింది.

ఆయన ఆలోచన కూడా నాకు బాగా నచ్చింది. ఒకే ఒక్క ఒరిజినల్, అది ఒక్క ధనవంతుడి గోడకి, ఈ పద్ధతి ఆయనకి సరిపడలేదు. కొన్ని ఆకారాలు, కొన్ని రంగులు కలిపి అక్షరమాలలాంటిది తయారుచేసుకున్నాడు, దాన్నిబట్టి సహాయకులు కూడా బొమ్మ పూర్తి చేయొచ్చు, స్క్రీన్ ప్రింట్‌గా ఎన్ని కాపీలైనా తీయొచ్చు. 1972లో కొడుకుతో కలిసి రెనాల్ట్ కారు లోగో గీశాడు, అది ఎన్ని వీధుల్లో తిరిగిందో ఆలోచించండి. కంపెనీ పనిని చిన్నచూపు చూడని ఆర్టిస్టు దొరకడం అరుదు, రోజూ క్లయింట్ల కోసం లోగోలు గీసే నాలాంటివాళ్లకి అది పెద్ద ధైర్యం.

చివరి దశ ప్రింట్లు మాత్రం నాకు కొంచెం ఎక్కువయ్యాయి, ఒకేలాంటి గళ్లు వరసగా చూస్తే కళ్లు అలిసిపోతాయి. అందుకే పాతవాటికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. అయిదుకి నాలుగున్నర ఇస్తాను.

ఫోన్ బ్యాగులోనే ఉంచండి, ఫొటోలో ఆ ఉబ్బు సగం కూడా రాదు. ముందు దగ్గరగా నిలబడి ఒక్కో గడి చూడండి, తర్వాత పది అడుగులు వెనక్కి నడవండి, ఆపైన చూపు తిప్పకుండా మెల్లగా పక్కకి జరగండి.