కంపెనీ తీగలకే ఫాగ్ లైట్లు: నాలుగు చలికాలాల తర్వాత

కావలి నుంచి తుమ్మలపెంట దారిలో పోయి, బకింగ్‌హాం కాలువ దాటితే మా బావమరిదీ నేనూ కలిసి చేసే రొయ్యల చెరువులుంటాయి. తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో నీళ్లలో గాలి కలిపే ఏరేటరు ఆగిందంటే పంట పోయినట్టే. అందుకని వారానికి నాలుగు రోజులైనా తెల్లవారుజామున 4 గంటలకు కారు తీస్తాను. మిగతా నెలల్లో ఇబ్బంది లేదు. డిసెంబరు, జనవరిలో మాత్రం గాలి ఆగి ఆకాశం తేటగా ఉన్న రాత్రి వచ్చిందంటే, చెరువులూ కాలువా వరి మళ్లూ అన్నీ కలిసి ఆవిరి వదులుతాయి. మంచు కట్ట మీద కూర్చుంటుంది. 8 దాటితే గానీ లేవదు. హెడ్‌లైటు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టుంటుంది, లో బీమ్ వేస్తే అదే గోడ కొంచెం పొట్టిగా.

2021 డిసెంబరులో ఫాగ్ లైట్లు, అంటే మంచు కోసం ముందు బంపరులో పెట్టే లైట్లు, పెట్టించాను. అప్పటి నుంచి కారు 60 వేల కిలోమీటర్ల పైన తిరిగింది, నాలుగు చలికాలాలు గడిచాయి. పెట్టించిన వారానికే వీడియో తీసి ఆహా ఓహో అనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, లైటు సంగతి తుప్పు పట్టాకే తెలుస్తుంది.

మాది 2017 మోడల్ హ్యాచ్‌బ్యాక్, మధ్య వేరియంట్. టాప్ వేరియంట్‌కు ఫాగ్ లైట్లుండే చోట మాకు నల్ల ప్లాస్టిక్ మూత ఇచ్చారు. షోరూములో అడిగితే 11 వేలన్నారు. బయట ఒక యాక్సెసరీస్ షాపులో 3 వేలకే చేస్తామన్నారు, కానీ వాళ్ల పద్ధతి హెడ్‌లైటు తీగ గిల్లి అందులోంచి కరెంటు తీసుకోవడం, డ్యాష్‌బోర్డుకు రంధ్రం పెట్టి ఒక చిన్న స్విచ్ బిగించడం. నాకు అది నచ్చలేదు. ఇంతలో పార్కింగులో ఎవరో బంపరు నొక్కేసి పోయారు. దాన్ని సరిచేయించడానికి బంపరు విప్పించినప్పుడు మా ఎలక్ట్రీషియన్ భాయ్ లోపలికి వేలు చూపించాడు. రెండు వైపులా బంపరు వెనక టేపు చుట్టి, క్లిప్పు పెట్టి, ఖాళీ కప్లర్లు, అంటే లైటుకు తగిలించే ప్లగ్గులు, వేలాడుతున్నాయి.

"అన్నా, కంపెనీవాళ్లే తీగ లాగి పెట్టినారు గదా. దీన్ని వదిలిపెట్టి ఉన్న తీగ కోసేదెందుకు?" అన్నాడు.

ఒకే హార్నెస్ (కారు తీగల కట్ట) తయారు చేసి అన్ని వేరియంట్లకూ వేయడం కంపెనీలకు సులువు. మన దాంట్లో లేనివి లైటు, బల్బు, రిలే (చిన్న స్విచ్ మాట విని పెద్ద కరెంటును కలిపేది), ఫ్యూజు, స్విచ్ అంతే. అయితే ఇది అన్ని కార్లకూ ఉంటుందని అనుకోవద్దు. కొన్నిటికి బంపరు దాకా తీగ ఉంటుంది గానీ స్టీరింగ్ పక్క లివరు కప్లర్‌లో ఆ పిన్ను ఖాళీగా ఉంటుంది. ఇంకొన్ని కొత్త కార్లలో అన్నీ ఉన్నా కంప్యూటరు పెట్టి సెట్టింగు మార్చందే లైటు వెలగదు. సామాను కొనే ముందే ఈ రెండూ చూసుకోవాలి.

భాయ్ చూసిన పద్ధతి చెప్తాను, డబ్బులు ఆదా అయింది అక్కడే. ఫ్యూజు బాక్సు మూత వెనక బొమ్మలో ఫాగ్ లైటు గడి ఎక్కడుందో చూసి, అందులో 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పెట్టాడు. రిలే కూర్చునే సాకెట్లో 30, 87 నంబర్ల గళ్లను చిన్న తీగ ముక్కతో కలిపాడు. ముందుకెళ్లి కప్లర్‌లో టెస్ట్ ల్యాంప్ పెడితే కుడి వైపు వెలిగింది, ఎడమ వైపు వెలగలేదు. నా గుండె జారింది. ల్యాంపు క్లిప్పును ఎర్త్ (కరెంటు తిరిగి పోయే దారి) పిన్ను మీంచి తీసి బాడీకి తగిలిస్తే వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, ఎర్త్ లేదు. బ్యాటరీ ట్రే కింద ఎర్త్ బోల్టు పూర్తిగా తుప్పు. గీకి, కొత్త బోల్టు బిగించేసరికి రెండు వైపులా సరిపోయింది. ఇంత చూశాకే సామాను తెమ్మన్నాడు.

లైట్ల జత, చుట్టూ వచ్చే గ్రిల్లుతో 2,150. లివరు స్విచ్ 1,380. రిలే 160. ఫ్యూజు 10. భాయ్ కూలి 500. మొత్తం 4,200 రూపాయలు. లైట్ల డబ్బాలో విడిగా వచ్చిన తీగల కట్ట, డ్యాష్‌బోర్డు స్విచ్ ఇంట్లో అటక మీద ఇప్పటికీ అలాగే ఉన్నాయి. లివరు మార్చడానికి స్టీరింగ్ కింద కవరు తీసి రెండు స్క్రూలు విప్పితే చాలు, మా కారులో ఎయిర్‌బ్యాగ్ జోలికి పోవాల్సిన పని లేదు. అయినా బ్యాటరీ నెగెటివ్ తీసి, కాసేపాగి, టీ తాగొచ్చాకే చెయ్యి పెట్టాడు. స్టీరింగే విప్పాల్సిన కారైతే ఇంట్లో సొంతంగా చేయొద్దు.

కంపెనీ తీగ వల్ల అసలు లాభం నాకు రెండో నెలలో తెలిసింది. ఈ పద్ధతిలో పార్కింగ్ లైట్లు వేయందే ఫాగ్ లైటు వెలగదు. అంటే ఫాగ్ లైటు వేస్తే వెనక ఎర్ర లైట్లు కూడా వెలిగి తీరతాయి. మంచులో మనకు కనపడడం ఎంత ముఖ్యమో, వెనక వచ్చే లారీకి మనం కనపడడం అంతకంటే ముఖ్యం. ముందు వాటంతటవే వెలిగే పగటి లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి కదా అని వెనక చీకటిగా పోయే కార్లు ముసునూరు టోల్ గేటు దగ్గర ప్రతి చలికాలం చూస్తాను. హజార్డ్ లైట్లు వేసుకుని పరిగెత్తేవాళ్లది ఇంకో బాధ, వాళ్లు ఎటు తిరుగుతారో దేవుడికే తెలియాలి.

మా బావమరిది విడి స్విచ్‌తో పెట్టించుకున్నాడు, పార్కింగ్ లైట్లు ఆర్పినా అవి వెలుగుతూనే ఉంటాయి. ఒక రాత్రి చెరువు గట్టున ఆర్పడం మరిచిపోయి షెడ్డులో పడుకున్నాడు. రెండు 55 వాట్ల బల్బులంటే 110 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ నుంచి 9 ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. పొద్దునకు బ్యాటరీ నిద్రపోయింది. నేను పోయి తీగలు కలిపి స్టార్ట్ చేయించాను. "బావా, మీ భాయ్ నంబరియ్యి" అన్నాడు, అంతకు ముందు నా పిసినారితనం మీద వారం రోజులు జోకులేసినవాడే.

ఇక వెలుతురు. ఫాగ్ లైటు పెడితే మంచు చీల్చుకుని దూరం కనపడుతుందనుకుంటే డబ్బులు దండగ. దూరం కనపడదు. అది కింద నుంచి, వెడల్పుగా, పైకి లేవకుండా పడే వెలుతురు. కాబట్టి మన కంటికీ రోడ్డుకీ మధ్యలో ఉన్న మంచును వెలిగించదు, తెల్లగోడ కట్టదు. పక్కన తెల్ల గీత, గట్టు అంచు, సైకిల్ టైరు, గేదె కాళ్లు కనపడతాయి. నాకు కావాల్సింది అదే. అది చూసుకుని 30, 40 స్పీడులో పోతాను. హైవే మీద సింగరాయకొండ వైపు పోయినప్పుడు గట్టి మంచుంటే ఈ లైట్లున్నా ఆగి టీ తాగడమే. వాన రాత్రుల్లో, మలుపుల్లో ఇవి ఇంకా బాగా పనికొచ్చాయి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో పోయినప్పుడు హెడ్‌లైటు చెట్ల మీదికి పోతుంటే, మలుపు లోపలి అంచు చూపించింది ఇవే.

దీనికి లైటు సరైన ఎత్తులో పడాలి. చాలామంది బిగించి వదిలేస్తారు. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలపాలి. వెలుతురు పై అంచు, లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంతకంటే 4 అంగుళాలు కిందికి పడాలి. బంపరు కింద రంధ్రంలోంచి పొడుగు స్టార్ స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే సరిపోతుంది. నేను కల్యాణ మండపం గోడ మీద చేశాను. వాచ్‌మన్ ఏదో సర్వే అనుకున్నాడు.

రెండో చలికాలం నేనొక తెలివితక్కువ పని చేశాను. హాలోజన్ బల్బులు తీసి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వేశాను. ఇంటి ముందు చూస్తే పెళ్లి పందిరిలా ఉంది. మంచులో వేస్తే బంపరు ముందు నాలుగు గజాలు తళతళ, ఆ తర్వాత ఏమీ లేదు. హాలోజన్ ఫిలమెంటు ఉండే చోటును బట్టి ఆ లైటు అద్దం చేస్తారు, అక్కడ ఎల్‌ఈడీ పెడితే వెలుతురు అంచు చెదిరిపోయి పైకి చిమ్ముతుంది. ఎదురుగా వచ్చిన ప్రతివాడూ డిమ్ డిప్ కొట్టాడు. కావలి బైపాస్ దగ్గర టీ కొట్టు ముందు ఒక లారీ డ్రైవరు దిగి, "ఏం సామీ, ఎదురుగా సూర్యుడే వచ్చినట్టుంది, మాకూ పిల్లలున్నారు" అన్నాడు. ఏం చెప్పను? రెండు నెలలకు ఒక బల్బు మిణుకుమిణుకు మనడం మొదలెట్టింది. రెండూ తీసేసి మళ్లీ హాలోజనే వేశాను. పసుపు పూత బల్బులు కూడా ఒక సీజను వాడాను. కంటికి చల్లగా ఉంటుంది, వెలుతురు కొంచెం తగ్గుతుంది. ఎక్కువ కనపడిందని మాత్రం ప్రమాణం చేయలేను.

100 వాట్ల బల్బులు వేయమనేవాళ్ల మాట వినొద్దు. రెండు కలిపి 200 వాట్లు, దాదాపు 17 ఆంపియర్లు, 15 ఫ్యూజు ఊరుకోదు. అప్పుడు 30 ఫ్యూజు పెట్టమంటారు. ఫ్యూజు పోకుండా నిలుస్తుంది, తీగ మాడుతుంది. మా పక్క చెరువాయన కారులో కప్లరు కరిగి బల్బుకు అతుక్కుపోయింది.

రిపేర్లకొస్తే, సముద్రపు గాలి పడే మాలాంటి చోట అసలు శత్రువు చిలుం. రెండేళ్లకు కుడి కప్లరు పిన్నులు పచ్చగా చిలుం పట్టి, గతుకు వచ్చినప్పుడల్లా లైటు కొట్టుకునేది. పిన్నులు శుభ్రం చేసి వాసెలీన్ పూశాం, మళ్లీ రాలేదు. ఇప్పుడు ప్రతి అక్టోబరులో వానలకు ముందే పూస్తాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వానల తర్వాత ఎడమ లైటు లోపల చెమ్మ చేరింది. వెనక గాలి గొట్టంలో బురద కట్టుకుపోవడం వల్ల. గొట్టం కడిగి, లైటు ఎండలో పెడితే రెండు రోజులకు ఆరింది. నాలుగేళ్లలో బల్బులు ఒకసారి పోయాయి. రిలే, ఫ్యూజు, లివరు ఇంతవరకు ముట్టుకోలేదు.

మొన్న సంక్రాంతికి ముందు టిప్పరు వెనక పోతుంటే కంకర రాయి తగిలి కుడి లైటు అద్దం పగిలింది. ఒక్కటే దొరకదు, జత తీసుకోమంటున్నారు. ప్రస్తుతానికి పారదర్శకమైన టేపు వేసి నడుపుతున్నాను. భాయ్ చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నాడు. ఈ పంట పట్టుబడి అయ్యాక కొంటాను.