ఇంటిపేరు పక్కనపెట్టి వెతికితే దొరికిన కుటుంబం: ఫ్యామిలీసెర్చ్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్

ఈ ఫీచర్ అంటే నాకు చాలా ఇష్టం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. 2024 మొదట్లో ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశవృక్షాల వెబ్‌సైట్ వాళ్లు దీన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేసినప్పటి నుంచీ వాడుతున్నాను. అకౌంట్ తెరవడం, వంశవృక్షం కట్టడం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. చేతిరాతలో ఉన్న పాత వీలునామాలను, భూమి దస్తావేజులను మెషీన్ చదివేసింది, అందులోని ఏ మాటనైనా వెతుక్కోవచ్చు. నేను చెప్పదలచుకున్నది దీని గురించే. పాత ఇండెక్సుల్లో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, వీలునామా రాసినవాళ్లు మాత్రమే ఉండేవాళ్లు. సాక్షి సంతకం పెట్టినవాడు, హద్దులో పొలం ఉన్నవాడు, సర్వేలో గొలుసు పట్టినవాడు వాటిలోకి ఎక్కేవాళ్లు కాదు. భార్యల పేర్లయితే చాలాసార్లు అసలు కనిపించేవి కావు. ఇప్పుడు వీళ్లందరూ దొరుకుతున్నారు.

నేను ఉండేది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. మా పక్కింటి పెద్దావిడ పూర్వీకులు బ్రిటిష్ పాలన రోజుల్లో ఇక్కడే బ్రాడ్ రన్ వాగు పక్కన సేద్యం చేశారు. ఆవిడకు చూపు తగ్గింది, ఆ రాత చదవలేరు. మా తాతగారు కరణం. ఆయన పెట్టెలోని పాత కాగితాలు చూస్తూ పెరిగాను కాబట్టి దస్తావేజులంటే నాకు భయం లేదు. అలా ఈ పని నెత్తికెత్తుకున్నాను.

ఆవిడ చేతిలో అప్పటికే ఒక వంశవృక్షం ఉంది. ఏటా డబ్బు కట్టి వాడే ఒక సైట్ నుంచి తీసిన ప్రింటు అది. అందులో ఒకే పేరున్న ఇద్దరు మనుషులు, సీనియర్, జూనియర్ అని ఉన్నారు. జూనియర్‌ను సీనియర్ కొడుకుగా రాసేశారు. అదే సైట్‌లో చాలామంది వంశవృక్షాల్లో అదే మాట ఉంది, ఒక్కరి దగ్గరా ఆధారం లేదు. ఒకరిని చూసి ఇంకొకరు ఎక్కించుకున్నారు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 18వ శతాబ్దం వర్జీనియాలో సీనియర్, జూనియర్ అంటే ఆ చుట్టుపక్కల ఉన్న ఒకే పేరువాళ్లలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. తండ్రీకొడుకులే కానక్కర్లేదు. పెద్దవాడు చనిపోతే చిన్నవాడే సీనియర్ అయిపోతాడు. ఈ రికార్డులు కొంతకాలం చూసినవాళ్లెవరికైనా ఇది తెలుస్తుంది.

సీనియర్ వీలునామా దొరకడం కష్టం కాలేదు. లౌడన్ కౌంటీ 1757లో ఏర్పడింది, అప్పటి నుంచి రికార్డులు నిలిచి ఉన్నాయి. 1862లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, కోర్టు క్లర్కు జార్జ్ ఫాక్స్ ఆ పుస్తకాలన్నీ బండికెత్తించి దక్షిణాన క్యాంప్‌బెల్ కౌంటీకి తీసుకెళ్లి దాచాడు. ఆయనకు దండం పెట్టాలి. వీలునామాలో భార్యకు జీవితాంతం అనుభవించే హక్కు, ఆవిడ తర్వాత మిగిలింది జూనియర్‌కు అని ఉంది. జూనియర్ ఏమవుతాడో మాత్రం రాయలేదు. కొడుకు అని లేదు, కాదనీ లేదు. వర్జీనియాలో 1785 నాటి చట్టం 1787లో అమల్లోకి వచ్చేదాకా, వీలునామా లేకుండా చనిపోతే భూమంతా పెద్దకొడుక్కే పోయేది. దానివల్ల పెద్దకొడుకు ఊసే లేని వీలునామాలు కూడా ఉంటాయి. ఒకరి పేరు ఉందనో లేదనో చూసి చుట్టరికం తేల్చడానికి లేదు.

భూమి వైపు నుంచి పోదామంటే అక్కడా దారి లేదు. ఈ ప్రాంతం నార్తర్న్ నెక్ అనే పెద్ద భాగంలోది. ఇదంతా లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ అనే ఆంగ్ల దొర సొంత హక్కు కింద ఉండేది. 1722లో ఆల్బనీ ఒప్పందంతో ఇరోక్వా అనే స్థానిక అమెరికన్ తెగలు బ్లూరిడ్జ్ కొండలకు పడమర అవతలే ఉండిపోవడానికి ఒప్పుకున్నాక తూర్పు రైతులు ఇటు రావడం ఎక్కువైంది. అప్పటికి ఫెయిర్‌ఫాక్స్ ఏజెంటుగా ఉన్న రాబర్ట్ కార్టర్, 1732లో చనిపోయేలోపు తన పేరు మీద, తనవాళ్ల పేర్ల మీద వేల ఎకరాల గ్రాంట్లు, అంటే భూమి రాసిచ్చే పట్టాలు, రాయించుకున్నాడు. ఆ గ్రాంట్లన్నీ లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, చాలా మంచి పని. కానీ చిన్న రైతుకు గ్రాంటు ఎక్కడిది? అతను కౌలుదారు. గ్రాంట్లలో అతని పేరు ఉండదు.

ఇంటిపేరుతో ఫుల్ టెక్స్ట్‌లో వెతికితే వీలునామా తప్ప పనికొచ్చేదేమీ రాలేదు. ఆ ఇంటిపేరులో రెండు ఎస్‌లు పక్కపక్కనే ఉన్నాయి. అప్పటి రాతలో మొదటి ఎస్‌ను పొడుగ్గా, అచ్చం ఎఫ్ లాగా రాసేవాళ్లు. మెషీన్ దాన్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చదువుతుంది. అనుమానం ఉన్న అక్షరాల చోట స్టార్ గుర్తు పెట్టి, అక్షరాలు మార్చి చూస్తే సగం కౌంటీ ప్రత్యక్షమైంది.

మన దస్తావేజుల్లో చెక్కుబందీ ఉంటుంది కదా, తూర్పున ఫలానావారి పొలం, పడమర ఫలానావారి దొడ్డి అని. ఇక్కడి దస్తావేజుల్లోనూ అంతే. ఫలానా వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఇన్ని పోల్స్ దూరం, ఫలానావాడి హద్దు దాకా అని రాస్తారు. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. మనిషి పేరు మెషీన్‌కు అందకపోయినా వాగు పేరు అందుతుంది కదా అనిపించింది. ఇంటిపేరు తీసేశాను. వాగు పేరు, వీలునామాలో ఉన్న భార్య పేరు, కొటేషన్లలో 'నాచురల్ లైవ్స్' (సహజ జీవితకాలాలు) అనే మాట పెట్టాను.

ఆ మాట ఎందుకంటే, ఇక్కడి పెద్ద భూస్వాములు కౌలును ఏళ్ల లెక్కన కాకుండా మూడు ప్రాణాల లెక్కన ఇచ్చేవాళ్లు. పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు. ఆ ముగ్గురిలో చివరివాళ్లు బతికున్నంతకాలం కౌలు నడుస్తుంది. మామూలుగా కౌలుదారు, అతని భార్య, ఒక చిన్న కొడుకు. పసివాడి పేరు రాస్తే కౌలు ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి. అద్దె ఏటా పొగాకులోనో నగదులోనో కట్టాలి. కొన్ని పత్రాల్లో ఇన్ని ఆపిల్ మొక్కలు నాటాలి, ఇంత కొలతల ఇల్లు కట్టాలి అనే షరతులు కూడా ఉంటాయి. వంశం వెతికేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? వీలునామా దాచింది కౌలు పత్రం చెప్పేస్తుంది.

ఆ వెతుకులాటలో మూడో పేజీలో ఉంది మా పత్రం. ఇంటిపేరును మెషీన్ పూర్తిగా వేరేలా చదివింది. ఫోటో తెరిచి చూస్తే స్పష్టంగా ఉంది. కౌలుదారు, భార్య, మూడో ప్రాణంగా అతని అన్న కొడుకు. అన్న కొడుకు అని నేరుగా రాసి ఉంది. పిల్లల్లేని దంపతులు అన్న కొడుకు పేరు రాయించుకున్నారు. జూనియర్ సీనియర్ కొడుకు కాదు. సంతోషం ఆపుకోలేక ఆ రాత్రే పక్కింటి తలుపు కొట్టాను. లౌడన్‌లో 1758 నుంచి ఉన్న తలపన్ను జాబితాలు కూడా దీనికి సరిపోయాయి. పదహారేళ్లు దాటిన మగవాళ్ల మీద పన్ను ఉండేది కాబట్టి, జూనియర్ ఆ వయసుకు రాగానే చిన్నాన్న పేరు కిందే కనిపిస్తాడు.

ఆ ఊపులోనే చిన్నాన్న చనిపోయాక రాసిన ఆస్తి జాబితా కూడా దొరికింది. మంచాలు, నాగలి, ఆవు, దూడ, వాటి వరుసలోనే ఒక బానిస స్త్రీ, ఆమె బిడ్డ, పక్కన వాళ్లకు కట్టిన ధర. ఇద్దరికీ పేర్లున్నాయి, ఇంటిపేరు లేదు. ఇలాంటివాళ్ల వంశాలు వెతికేవాళ్లకు పాత ఇండెక్సులు పెద్దగా సాయపడలేదు, ఈ ఫీచర్ పడుతుంది. నా పనికంటే వాళ్ల పనికే ఇది ఎక్కువ అవసరమని నేను నమ్ముతున్నాను. పెద్దావిడ ఆ పేజీ కాపీ కూడా తీయించుకున్నారు, ఆ తల్లీబిడ్డల పేర్లను అందరికీ కనిపించేలా ఎక్కించమన్నారు. ఎక్కించాను.

అందరూ దొరుకుతున్నారు అని పైన రాశాను. పుస్తకం మిగిలిన చోట దొరుకుతున్నారు అనాలి. జూనియర్ అసలు తండ్రి బతికింది పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీలో అని తేలింది. అక్కడ 18వ శతాబ్దం మధ్యకాలపు వీలునామా పుస్తకాలు చాలా పోయాయి. లేని కాగితాన్ని ఏ మెషీనూ చదవదు. కొన్ని ఫోటోలు ఇంట్లో తెరుచుకోవు, ఫ్యామిలీసెర్చ్ సెంటర్‌కో, వాళ్లతో కలిసిన లైబ్రరీకో వెళ్లాలి. మెషీన్ రాసిన పాఠాన్ని అసలు ఫోటోతో పోల్చకుండా ఎవరి వంశవృక్షంలోనూ పెట్టకండి. ఇంటిపేరు స్మిత్ అయితే, వాగు పేరు కూడా తెలియకపోతే, మీకు ఇంత తేలిగ్గా కుదురుతుందని చెప్పలేను.

నాకు కుదరడానికి నా పరిస్థితులూ కారణమే. లీస్‌బర్గ్ కోర్టు రికార్డుల గది మా ఇంటికి దగ్గర, సందేహం వస్తే అసలు పుస్తకం చూసి రాగలను. మంటల్లో రికార్డులు పోయిన కౌంటీలో వెతికేవాళ్లు ముందు ఆ కౌంటీలో ఏ పుస్తకాలు మిగిలాయో చూసుకుని, ఆ తర్వాతే దీని మీద సమయం పెట్టడం మంచిది. డబ్బు కట్టే సైట్‌ను నేను మానేశాను, కానీ 19వ శతాబ్దపు వార్తాపత్రికలు కావాల్సినవాళ్లకు అది అవసరం కావచ్చు. ప్రస్తుతం నేను ప్రిన్స్ విలియం దస్తావేజుల్లో ఇదే పద్ధతిలో, ఇంటిపేరు లేకుండా, పొరుగువాళ్ల పేర్లతో ఆ అన్నగారిని వెతుకుతున్నాను.