బాత్రూమ్ బాగుకి చీమకుర్తి ముక్క రాళ్ళు: మేం వాడి చూశాం

ఒంగోలు చుట్టుపక్కల పాత ఇల్లు ఉండి, యాభై వేల లోపు డబ్బుతో బాత్రూమ్ బాగు చేయించాలనుకునేవాళ్ళు టైల్స్ షాపుకి పోయేముందు ఒకసారి చీమకుర్తి వెళ్ళిరండి. కర్నూలు రోడ్డులో సుమారు 20 కిలోమీటర్లు. అక్కడ పలకలు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్కల్ని విడిగా అమ్ముతారు. మా 7×5 అడుగుల బాత్రూమ్‌కి దర్వాజా (అంటే తలుపు బిగించే చట్రం), గడప, సబ్బులు షాంపూలు పెట్టుకునే గూటి పలకలు, వెంటిలేటర్ కింద పట్టీ, అన్నీ ఆ ముక్కలతోనే వేయించాం. ఏడాది దాటింది, చెక్కుచెదరలేదు.

అసలు మా పని మొదలైందే దర్వాజా వల్ల. పాత చెక్కది కింద జానెడు మేర చివికిపోయి గోరుతో గీకితే పొడి రాలేది. మళ్ళీ టేకుది పెట్టిద్దామంటే ఎనిమిది వేలు చెప్పారు, పెట్టినా అది కూడా రోజూ నీళ్ళల్లో నానాల్సిందే కదా. "రాతి దర్వాజా పెట్టించక్కా, ఇక దాని జోలికి పోయే పనుండదు" అన్నాడు మా బేల్దారి మేస్త్రి. పెద్ద పలకల అంచులు సరిచేసినప్పుడు పొడుగ్గా, సన్నగా పట్టీలు మిగులుతాయి, దర్వాజాకి సరిగ్గా అలాంటివే కావాలి. ముక్కలు, కటింగ్, అంచు పాలిష్ కలిపి మాకు 1,900 అయింది, ఆటోకి ఇంకో 600. గెలాక్సీ అనే నల్ల గ్రానైటే ఇచ్చారు. ఆ నల్లటి రాయిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, రాయిలోనే పుట్టినవి కాబట్టి ఎన్నిసార్లు కడిగినా పోవు.

ముక్కలు ఏరేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. గీతలు, సన్న పగుళ్ళు కనబడకుండా కొన్నిటికి నల్ల రంగో నూనో పట్టిస్తారు. దూదికి కాస్త నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది మూల మీద రుద్దండి, నలుపు అంటితే ఆ ముక్క పక్కన పెట్టేయండి. తర్వాత చెంబుడు నీళ్ళు పోసి ఆరేదాకా ఆగి చూడండి. రాయంతా ఆరిపోయాక కూడా ఒక్కచోట వెంట్రుకలాంటి తడి గీత మిగిలిందంటే అది పగులే. మేం ఇష్టపడి పక్కన పెట్టుకున్న పట్టీల్లో ఒకటి అలాగే బయటపడింది, అడిగితే యార్డాయన మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు. వెనక వైపు వల అంటించిన ముక్కలు కూడా వద్దనే చెప్తాను, ఆ జిగురు మీద సిమెంటు సరిగా పట్టదు, ఎపాక్సీ అనే వేరే జిగురు వాడాలి, దాంతో ఖర్చు పెరుగుతుంది. ఇంకోటి, కబ్జాలకి, గడియకి కావాల్సిన బెజ్జాలు అక్కడే వేయించుకోండి. ఇంటి దగ్గర చిన్న డ్రిల్లుతో మొదలుపెడితే అంచు పెచ్చు లేచిపోతుంది.

నేలకి మాత్రం పాలిష్ గ్రానైట్ వేయొద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. సబ్బు నీళ్ళు పడితే కాలు నిలవదు. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అందుకని నేలకి గరుకుగా ఉండే 12×12 అంగుళాల మ్యాట్ టైల్స్ వేయించాం. గోడలకి కూడా స్నానం చేసే వైపే ఏడడుగుల ఎత్తు, మిగతా వైపులా నాలుగడుగులతో ఆపేశాం, పైన పెయింట్. అక్కడే టైల్స్ ఖర్చు బాగా తగ్గింది.

ఇలా మిగిలిన డబ్బంతా టైల్స్ కింద కనబడని పనికి పెట్టాం, అందులో నేను ఒక్క రూపాయి కూడా తగ్గించనివ్వలేదు. పాత నేల తవ్వించి పైపులు మార్పించాం. కింది మాలులో 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మిల్లీలీటర్ల చొప్పున వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపించాం. నీళ్ళు బయటికి పోయే నానీ ట్రాప్ వైపు మీటరుకి సెంటీమీటరు పైనే వాటం పెట్టించాం. టైల్స్ వేయకముందే ట్రాప్ మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, బయట గోడకి చెమ్మ రాలేదని చూసుకున్నాకే మేస్త్రిని ముందుకి పోనిచ్చాం. కూలీ, టైల్స్, పీవీసీ తలుపు, కుళాయిలు, ఈ రాళ్ళు, మొత్తం కలిపి 46 వేలల్లో తేలింది. అంతకుముందు ఒక కాంట్రాక్టర్ ఇదే పనికి లక్షా పదివేలు అడిగాడు, కింద వాటర్‌ప్రూఫింగ్ చేస్తారా అంటే టైల్స్ వేశాక అదెందుకండీ అన్నాడు.

ముక్క రాళ్ళతో ఇబ్బందులూ ఉన్నాయి. మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, 16 ఎంఎం పక్కన 18 పెడితే దర్వాజా మూల దగ్గర మెట్టులా తేలుతుంది, అందుకే టేపు పట్టుకుని కొలిచి జతలు ఏరుకోవాలి. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద రాసిస్తారు. ఇంటికి తెచ్చాక వాపసు లేదు. మాది బోరు నీళ్ళు, ఉప్పెక్కువ. నల్ల రాయి మీద తెల్ల మరకలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, స్నానం అయ్యాక గుడ్డతో తుడవకపోతే వారంలో పొర కడుతుంది. అది రోజూ చేయలేమనుకుంటే బూడిద రంగు ముక్కలు తీసుకోండి, అవీ దొరుకుతాయి.

కొలతలు అంగుళాల్లో రాసుకుని, ఉదయం పూటే వెళ్ళండి. కటింగ్ దగ్గర జనం తక్కువుంటారు, అదే రోజు ఆటోలో వేయించుకుని రావచ్చు. పొడుగు పట్టీల్ని ఆటోలో పడుకోబెట్టొద్దు, గతుకులకి మధ్యలో విరుగుతాయి. అంచు మీద నిలబెట్టి, కింద గోనెపట్టా వేసి తాడుతో కట్టించండి.